ఓడచేను

కోవిల్‌పట్టి,
పురట్టాసి నెల మొదట్లో

మేనకోడలు కార్తీశ్వరికి మామ రంగప్ప రాస్తున్నది.

నీ చేతిరాత చూసి చాలా రోజులైంది కాబట్టి నేనే ముందు రాస్తున్నాను. కోవిల్‌పట్టిలో బస్సెక్కి ఒక కునుకు తీస్తే విరుదునగర్ వస్తుంది, ఫోను చేస్తే అంతసేపు కూడా పట్టదు, ఈ కాలంలో ఉత్తరాలేమిటని నీ పక్కగది పిల్ల నవ్వుతుందని నాకు తెలుసు. నవ్వనీ. మా ఇంట్లో ఫోను మీ అత్త చేతిలో ఉంటుంది. నేను మాట్లాడితే స్పీకరు పెట్టి, నేను అడగాల్సింది తాను అడిగి, నువ్వు చెప్పాల్సింది కూడా తానే చెప్పి పెట్టేస్తుంది. మన చుట్టాలందరికీ తెలుగు నోట్లో ఉంది గానీ కంట్లో లేదు. చదవడం వచ్చినవాళ్ళం మనిద్దరమే. నువ్వు హైదరాబాదులో భూగర్భశాస్త్రం చదువుతూ పనిలో పనిగా నేర్చుకున్నావు. నేను లితో ప్రెస్సులో, ఆంధ్రకు పోయే అగ్గిపెట్టెల లేబుళ్ళు అచ్చేస్తూ నేర్చుకున్నాను. ఒక్క అక్షరం తప్పు పడితే సరుకంతా తిరిగొచ్చేది. అందుకే నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, నీవి కోడి కెలికినట్టు ఉంటాయి.

సరే, విషయానికి వస్తాను. ప్రెస్సులో నాతో పనిచేసిన స్నేహితుడొకడు ఉన్నాడు. విమానంలోంచి తీసిన ఫొటోలు చూసి నేల లోపల ఏముందో మీ కోడలు చెబుతుందట కదా, అది నిజమేనా, లేక చిలక జోస్యమా అని అడిగాడు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక కనుక్కుని చెబుతానన్నాను. కొత్త గోడ వానకు చీలితే, తప్పు గోడదా నేలదా అన్నది కూడా పై నుంచి తెలుస్తుందా? ఇదీ వాడి ప్రశ్నే.

తొందరేమీ లేదు. రెండు రోజుల్లో రాస్తే చాలు.

మీ అత్త మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. వానలు ముందే మొదలయ్యాయి.

మామ


విరుదునగర్,
పురట్టాసి, మరుసటి వారం

మామకు, కోడి కెలికిన అక్షరాలతో కార్తీశ్వరి.

మీ స్నేహితుడికి చెప్పండి, చిలక జోస్యం కాదని. ఇక్కడ మా చిన్న కంపెనీ కొత్త రోడ్డు ఎటు పోవాలో, ఎక్కడ నేల గట్టిగా ఉందో చూసి చెప్పే పనిలో ఉంది. డ్రోను ఎగరేసి మేమూ ఫొటోలు తీస్తాం. కానీ నాకు ఇష్టమైనవి బీరువాలో ఉన్న పాత నలుపు తెలుపు ఫొటోలు. మీ పెళ్ళి కంటే ముందు విమానంలోంచి తీసినవి. వాటిని ఆఫీసు దాటించకూడదు, ఫోనులో ఫొటో కూడా తీయకూడదు. బల్ల మీద పెట్టుకుని చూసి, మళ్ళీ బీరువాలో పెట్టేయాలి.

ఎలా చూస్తామో మీకు మీ భాషలోనే చెబుతాను. లేబులు మీద ఎరుపు ఒకచోట, నీలం కాస్త పక్కన పడితే రిజిస్టరు తప్పిందని మీరు కాగితం చించేసేవారు కదా. మేము ఆ తప్పునే వాడుకుంటాం. విమానం ముందుకు పోతూ ఒకే చేనును రెండుసార్లు తీస్తుంది. రెండు ఫొటోల్లో చేను ఒకటే, చూసిన చోటు వేరు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి, స్టీరియోస్కోపు అనే అద్దాల పెట్టెలోంచి ఎడమకన్ను ఒకదాన్నీ కుడికన్ను ఒకదాన్నీ చూస్తే, చదునుగా ఉన్న కాగితంలోంచి కొండ పైకి లేస్తుంది, బావి లోపలికి దిగుతుంది. ఉన్నదానికంటే ఎక్కువ ఎత్తు, ఎక్కువ లోతు కనిపిస్తుంది. నేల మీద నడిచేవాడి కాలికి తెలియని పల్లం కూడా అందులో తెలుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీలోంచి వెనక్కి జరిగాను.

పోయిన ఏడు ఆలంగుళం వైపు ఒకచోట రోడ్డు గీత వేశారు. నేల చదును, పైన కంది పంట. పాత ఫొటోలో చూస్తే అక్కడ సున్నపురాయి తవ్విన గుంత ఉంది, తర్వాత ఎవరో చెత్తామన్నూ పోసి పూడ్చారు. రోడ్డును పక్కకు జరిపాం. కాబట్టి గోడ తప్పా నేల తప్పా అన్నది చాలాసార్లు తెలుస్తుంది. అయినా తవ్వి చూసేదాకా అది అనుమానమే, తీర్పు కాదు. మా బాలసుబ్రమణియన్ సార్ రోజూ చెప్పే మాట ఇదే.

ఇక మీ స్నేహితుడి సంగతి. మామా, చిత్తిర నెల నుంచి మీరు రాసిన ప్రతి ఉత్తరంలోనూ బాల్వాడి ఉంది. పిల్లలు గోడకు రంగు పూశారు, మారీశ్వరి అక్క పాట నేర్పింది, కిటికీకి జాలీ వేయించాను అని. ఈసారి ఒక్క మాట లేదు. చీలింది ఏ గోడ?

కార్తీ


కోవిల్‌పట్టి,
పురట్టాసి చివర

కార్తీ,

స్నేహితుడు లేడు. పట్టేశావు, సంతోషమా?

బాల్వాడి గోడ చీలింది. పెద్దగదీ వంటగదీ కలిసే మూల దగ్గర, కింది నుంచి పైకి ఏటవాలుగా. మొదటి వానకు వెంట్రుకంత ఉంది, పూత ఆరక పగిలిందన్నాడు మేస్త్రి. తర్వాతి వానకు నా చిటికెన వేలు దూరింది. ఇప్పుడు మేస్త్రి ఫోను కూడా ఎత్తడం లేదు.

మన ఊరి జనం తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్న బడి అది. ఒకరు ఇటుక తెచ్చారు, ఒకరు ఇసుక తోలారు, ఏమీ లేనివాళ్ళు కూలి తీసుకోకుండా మట్టి మోశారు. స్థలం నాది. మీ అవ్వ పేరున ఇచ్చాను. రోడ్డు పక్క చేను ఇద్దామని మీ అత్త అంది. ఓడచేనే ఇస్తానని నేను పట్టుబట్టాను. మా అమ్మ బతికినన్నాళ్ళూ కలుపు తీసింది అందులోనే. పైగా అది పేరున్న చేను. మన పెద్దలు తెలుగు సీమ నుంచి ఓడలో వచ్చారనీ, ఆ ఓడ అక్కడ నేలకు తట్టుకుని నిలిచిపోయిందనీ మా తాత చెప్పేవాడు. దున్నితే నత్తగుల్లలూ నున్నటి గుండ్రాళ్ళూ లేస్తాయి, సముద్రం వచ్చిందనడానికి అవే సాక్ష్యమని చూపించేవాడు. బడి తెరిచినరోజు మైకు పట్టుకుని ఆ కథంతా చెప్పాను. ముందు వరుసలో కూర్చుని నువ్వు ఫోనులో తీశావు కూడా.

ఇప్పుడు ఊళ్ళో రంగప్ప ఓడ మునుగుతోందని నవ్వుకుంటున్నారు. అది వేళాకోళం, తుడుచుకుపోగలను. పట్టమ్మాళ్ అన్న మాట తుడుచుకోలేను. ఆమె మనుమరాలు ఆ బడిలోనే ఉంది. టీకొట్టు ముందు, అందరూ ఉండగా, నా మొహం చూసి అంది.

"పనికిరాని నేలని తెలిసే ఇచ్చినాడు. మంచి చేను తనకి, మునిగే చేను బిడ్డలకి."

టీ అక్కడే పెట్టి వచ్చేశాను. అప్పటి నుంచి మన ఊరికి పోయే బస్సే ఎక్కలేదు. దానం చేసి దొంగనయ్యాను కార్తీ. మీ అత్తకు ఇంకా చెప్పలేదు, ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మన ఊరివైపు ఫొటో మీ బీరువాలో ఉందేమో చూడు. ఆ బడి నిలుస్తుందా, పడగొట్టాలా? నాకు అదొక్కటే కావాలి.

మామ


విరుదునగర్,
ఐప్పసి మొదట్లో

మామకు,

ఉత్తరం అందింది. మీరు బాధపడకండి.

నేను మొన్న పనిమీద వత్రాప్ దాకా వెళ్ళాను. కొండ మీద మబ్బు దిగి ఉంది, తోటలన్నీ తడిసి పచ్చగా ఉన్నాయి. తిరిగి వస్తూ శ్రీవిల్లిపుత్తూరులో దిగి మీకోసం పాల్కోవా కొన్నాను. అత్తకు చక్కెర తక్కువ వేసింది కావాలని నాలుగు కొట్లు తిరిగాను. ఒక కొట్టువాడు అలాంటిది ఉంటే అది పాల్కోవా కాదమ్మా, పాలు అన్నాడు. చివరికి మామూలుదే కొన్నాను. ఆకులో కట్టించాను కాబట్టి నాలుగు రోజులు ఉంటుంది. నా పక్కగది పిల్ల సగం తినేసింది, మళ్ళీ కొనాలి.

ఇక్కడా వానలే. బట్టలు ఆరడం లేదు.

ఫొటోలు చూస్తున్నాను. ఇంకా ఏమీ చెప్పలేను.

మధ్యాహ్నం పిల్లలు పడుకునేది పెద్దగదిలో ఏ వైపు? వంటగది వైపా, వాకిలి వైపా?

కార్తీ


కోవిల్‌పట్టి,
ఐప్పసి

కార్తీశ్వరికి,

పాల్కోవా గురించి పేజీ నింపావు, బట్టల గురించి ఒక వాక్యం రాశావు, చివర ఒక ప్రశ్న అడిగావు. ఆ ప్రశ్న చదివాక నాకు అన్నం దిగలేదు. రిపోర్టు చూసిన డాక్టరు ముందు టిఫిను తిన్నారా అని అడిగితే రోగికి తెలిసిపోతుంది. నేను చిన్నపిల్లవాణ్ణి కాను. నువ్వు ఏదో చూశావు.

పిల్లలు పడుకునేది వంటగది వైపే. వాకిలి వైపు ఎండ పడుతుందని.

చూసింది ఉన్నదున్నట్టు రాయి. తీపి వద్దు.

మామ


విరుదునగర్,
ఐప్పసి

మామా,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. మా ఆఫీసు జీపు కోవిల్‌పట్టి మీదుగా పోతోంది, డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. పొద్దున మారీశ్వరి అక్కకు ఫోను చేశాను. వంటగది వైపు ఎవరినీ పోనివ్వొద్దన్నాను, సరే అంది. కానీ బడి మొత్తం మూయాలంటే స్థలం ఇచ్చిన పెద్దాయన నోటితో చెప్పాలంది. మీకు చేశాను, అత్త ఎత్తింది. మీరు ఆమెకు ఇంకా చెప్పలేదు కదా, బాగున్నావా అంటే బాగున్నానని పెట్టేశాను.

పిల్లల్ని ఈరోజే బయటికి తెండి. ఎందుకో చెబుతాను, మొదటి నుంచి చివరిదాకా.

మన ఊరి ఫొటో ఉంది. అందులో ఇప్పటి ఊరు లేదు, పట్టుమని పది ఇళ్ళు కూడా లేని గుంపు, చుట్టూ చేలు. కరిసల్ నేలలో నలుపు చూసి మోసపోకూడదు, నల్లరేగడి అంతా నలుపే. అందుకే నేను గట్లు చూశాను. చుట్టుపక్కల చేల గట్లన్నీ దారం పట్టినట్టు నేరుగా ఉన్నాయి. ఓడచేలోనూ దాని పైచేలోనూ కిందిచేలోనూ మాత్రం గట్లు ఒకదాని వెనక ఒకటి వంకర తిరిగాయి. దేన్నో ఒరుసుకుంటూ నడిచినట్టు ఉన్నాయి. స్టీరియోస్కోపులో పెట్టి చూస్తే ఆ వంకరల మధ్య నేల వదులైన నులకమంచంలా కాస్త దిగి ఉంది. దాని వెంటే పైకి చూసుకుంటూ పోతే పాత రోడ్డు కట్ట వచ్చింది. కట్టకు అవతల నిజమైన వంక ఉంది, నీళ్ళతో. కట్ట దగ్గర అది పక్కకు తిరిగిపోయింది. రోడ్డు వేసినవాళ్ళు ఎప్పుడో దాన్ని మళ్ళించారు. కింది భాగం ఎండిపోయింది, దున్నీ దున్నీ పూడిపోయింది, పైన రేగడి కప్పేసింది.

నేను ఆ దారిని పలుచటి కాగితం మీద పెన్సిలుతో గీస్తుంటే బాలసుబ్రమణియన్ సార్ వెనక నుంచి వంగి చూసి తమిళంలో అడిగారు, పాత ఓడైయా అని. ఓడై. తమిళంలో వాగు. నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. మామా, మన ఇంట్లో పారేదాన్ని వంక అంటాం. అందుకని ఓడ అంటే నీళ్ళమీద పోయేదేనని అనుకున్నాం. కానీ ఆ చేనికి పేరు పెట్టిన మన పెద్దలు చుట్టుపక్కల తమిళులు అనే మాటే విని పెట్టి ఉంటారు. ఓడై చేను. మన నోట్లో పడి ఓడచేను అయింది. వంక పోయింది, అది ఉండేదన్న సంగతీ పోయింది, పేరు మిగిలింది. ఆ పేరుకు తాత ఓడను తెచ్చి కట్టాడు. ఆ నత్తలూ గుండ్రాళ్ళూ సముద్రంవి కావు, వంకవి.

మొన్న ఈ మాట ఎందుకు రాయలేదంటే, తవ్వి చూడకుండా నోరు విప్పకూడదని సార్ చెప్పారు. అది సరైన మాటే. ఇది నేను ఒంటరిగా చదివిన మొదటి ఫొటో. నేను తప్పయితే, ఊరి ముందు మీరు మీ చేతులతో బడి మూసుకుని, లేని తప్పు నెత్తిన వేసుకున్నవారవుతారు. అది తలచుకుంటే పెన్ను కదల్లేదు. పిల్లలు ఆ మూలే పడుకుంటారని మీరు రాసింది నిన్న సార్‌కు చదివి చెప్పాను. ఫొటో బయటికి పోకూడదు గానీ, పిల్లల్ని బయటికి పంపమనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు అన్నారు.

పూడిన వంక మీ బడి కింద ఎంతవరకు వచ్చిందో ఫొటోలో తెలియడం లేదు. అంచు మసకగా ఉంది. బడి మొత్తం దాని మీద ఉంటే పడగొట్టక తప్పదు. వంటగది మాత్రమే ఉంటే మిగతాది నిలుస్తుంది. వాన కాస్త తగ్గగానే సార్‌నీ తీసుకుని వస్తాను, పక్కన గుంతలు తవ్వి చూద్దాం.

మీకు కోపం వస్తే నన్ను తిట్టండి. మూయడం మాత్రం ఆపకండి.

కార్తీ


కోవిల్‌పట్టి,
ఐప్పసి చివర

కార్తీ,

ఉత్తరం తెచ్చిన డ్రైవరుకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు, ఏమీ అనుకోవద్దని చెప్పు. చదవడం ముగించి అదే లుంగీతో మన ఊరికి బస్సెక్కాను.

నేను పోయేసరికి పిల్లలు సాంబారన్నం తింటున్నారు. మారీశ్వరి నా మొహం చూసి తాళం చేతికిచ్చింది. పిల్లలు చేతులు కడుక్కున్నాక ఒక్కొక్కరినీ ఊరి సావడికి పంపించాం. చాపలూ పళ్ళేలూ బొమ్మలూ మోయించి, తలుపు మూసి, తాళం వేశాను. చినుకులు పడుతున్నాయి. చుట్టూ జనం చేరారు. ఎవరూ అడ్డం రాలేదు, ఎవరూ చెయ్యీ వేయలేదు. నేల లోపల పాత ఓడై ఉందట, మా కోడలు విమానం ఫొటోలో చూసిందట అని చెప్పాను. చెబుతుంటే నా చెవికే అది నమ్మేట్టు లేదు. పట్టమ్మాళ్ మనుమరాల్ని చంకనేసుకుని, చూసినారా, వీనికి ముందే తెలుసు అని అందరితో అంది. తాళం వేసి నేనే ఒప్పుకున్నట్టయింది.

దారంతా తల వంచుకునే వచ్చాను. ఓడ పోయినందుకు కూడా బాధ వేసింది, నవ్వకు. పుట్టినప్పటి నుంచి ఆ ఓడ మాది అనుకున్నాను. మా తాత మంచి కథకుడు, అంతే అనుకోవాలి.

ఇంటికి వచ్చేసరికి ఊళ్ళోంచి ఎవరో ఫోను చేసి మీ అత్తకు అంతా చెప్పేశారు. రోడ్డు పక్క చేను ఇవ్వమంటే విన్నావా అని మొదలుపెడుతుందని గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆమె అన్నం పెట్టింది. నేను తినేదాకా పక్కనే కూర్చుంది. కంచం తీస్తూ అంది.

"ఊర్లో ఏమన్నా అనుకోనీ. బిడ్డల్ని ఆడ పెట్టి నువ్వు ఈడ పండుకోనుంటే నీకు నిద్ర వచ్చుండేదా? తాళమేసింది సరి. కవలపడొద్దు, దిగులు పెట్టుకోవద్దు."

పెళ్ళయినప్పటి నుంచి నేను చేసిన పనిని మీ అత్త సరి అనగా నేను వినలేదు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, చెయ్యి కడుక్కునే నెపంతో లేచిపోయాను. మర్నాడు నాకంటే ముందు తయారై బస్టాండులో ఉంది. రోజూ వెళ్ళి సావడిలో మారీశ్వరికి తోడుగా పిల్లల్ని చూస్తోంది. మోకాళ్ళ మాట ఎత్తడం లేదు. పట్టమ్మాళ్ ఆమెతోనూ మాట్లాడటం లేదట.

గుంతలు ఎప్పుడు తవ్వుతావు? మా అమ్మ పేరు చెక్కిన రాయి ఆ వాకిలి పైన ఉంది. బడి పడగొట్టాలంటే ముందు దాన్ని దించాలి, అది నా చేతుల వల్ల కాదు. ఏదైనా సరే తేల్చేయి. తేలకపోవడమే నన్ను తినేస్తోంది.

మామ


విరుదునగర్,
కార్తిగ నెల

మామా,

నిన్న గుంతలు తవ్వుతుంటే మీరు చూడలేనని పోయి పంపుసెట్టు గది వెనక కూర్చున్నారు. అత్త వచ్చి చెప్పేదాకా కదల్లేదు. ఆమె మీకు ఒక్క మాటే చెప్పింది, పెద్దగది నిలుస్తాదని. మిగతాది మీకు తెలియదు. మేము వెలుగుండగానే బయల్దేరాల్సి వచ్చింది, జీపులో కూర్చున్నాక మీతో ఏమీ మాట్లాడలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

మొదటి గుంత వంటగది పక్కన. పైన రేగడి, దాని కింద బూడిదరంగు మెత్తటి బురద. గడ్డపార తన బరువుకే దిగిపోయింది. నత్తగుల్లలు, గుండ్రాళ్ళు, ఊటనీళ్ళు. ఫొటో నిజమే చెప్పింది. నాకు సంతోషం కలగలేదు మామా. అవతలి గుంతలో కూడా ఇదే బురద వస్తే అవ్వ రాయి దించాల్సిందే కదా అనుకున్నాను. సార్ వాకిలి వైపు చూపించారు.

అక్కడ మోచేతి లోతు కూడా దిగకుండానే గడ్డపార ఖంగుమంది. సుక్కాన్ రాయి, మన సున్నపు గట్టిపొర. పక్కన ఇంకోచోట తవ్వించారు, మళ్ళీ ఖంగుమంది. తర్వాత పెద్దగది గోడ వెంట వంటగది దిక్కుకు జరుగుతూ జరుగుతూ తవ్వించారు. రాయి అయిపోయి బురద మొదలైన చోటుకు నిలువుగా పైకి చూస్తే, సరిగ్గా చీలిక. పాత వంక గట్టు అక్కడే ఉంది. మీ బడి ఒక కాలు గట్టు మీద, ఒక కాలు బురదలో పెట్టుకుని నిలబడింది. వానకు బురదలోని కాలు కదిలింది, మధ్యలో గోడ చీలింది. వంటగదిని పూర్తిగా కోసి తీసేస్తే పెద్దగదికి ఏమీ కాదు. కొత్త వంటగది వాకిలి వైపు రాయి మీద కట్టుకోవచ్చు. కప్పు మీద పడే నీళ్ళు పాత వంక వైపు నిలవకుండా కాలవ తీయాలి. సార్ ఇదంతా రాసి సంతకం చేసి పంపుతారు.

అసలు మీకు చెప్పాల్సింది ఇది కాదు. మొదటి గుంతలోంచి నత్తలు పైకి వస్తున్నప్పుడు ఊరంతా చుట్టూ ఉంది. మీరు లేరు. ఇదే ఓడై అని నేను అంటుంటే వెనక నుంచి ఎవరో, ఈ సంగతి రంగప్పకు ముందే తెలిసుంటుందిలే అన్నారు. పట్టమ్మాళ్ గుంత అంచున కూర్చుని చేతిలో ఒక నత్తగుల్ల తిప్పుతూ ఉంది. తల ఎత్తకుండానే అంది.

"ఓడై అని తెలిసినోడు మైకు పట్టుకొని ఓడ అని చెప్పుండేదా? ఊరే నవ్విందే. వానికి ఏమీ తెలీదు. తెలిసుంటే వాళ్ళమ్మ పేరు ఈడ రాసుండడు."

అందరూ నవ్వారు, అది మీరు భయపడే నవ్వు కాదు. మామా, మీకు ఏమీ తెలియదని ఊరంతా ఒప్పుకుంది. ఇంతకంటే మంచి మాట మీకు నేను ఎప్పటికీ రాయలేను. జీపులో సార్ పక్కన కూర్చుని ఏడ్చాను. కంట్లో దుమ్ము పడిందన్నాను, వానాకాలంలో దుమ్మేమిటమ్మా అన్నారు.

నిద్రపోండి ఇక.

కార్తీ


కోవిల్‌పట్టి,
మార్గళి నెల

కార్తీ,

నీ ఉత్తరం అందింది. ఆఖరి పేజీ మీ అత్తకు పైకి చదివి వినిపించాను. పట్టమ్మాళ్ మాట దగ్గర మళ్ళీ చదవమంది, మళ్ళీ చదివాను. ఇన్నేళ్ళుగా నేను చెబుతా ఉండాను, నీకు ఏమీ తెలీదని, ఊరు చెప్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటావా అంది. గుండె మీద నుంచి రోకలి దించినట్టుంది కార్తీ. ఆకలి తెలుస్తోంది. మొన్న టీకొట్టులో కూర్చుని టీ మొత్తం తాగి వచ్చాను.

వంటగది తీసేశాం. తీయడానికి కట్టినప్పటికంటే ఎక్కువమంది వచ్చారు. ఇటుకలు పగలకుండా దించి వాకిలి వైపు మోశారు, కొత్త వంటగది గోడలు లేచాయి, కప్పు ఒకటే మిగిలింది. అందాకా మారీశ్వరి రేకుల కింద వండుతోంది. మేస్త్రి కూడా వచ్చాడు, ఫోను పాడైందని చెప్పాడు, నేను నమ్మినట్టు తల ఊపాను. పెద్దగది చీలికను తెరిచి, ఇనుము వేసి, సిమెంటు నింపారు. రెండు వానలు దాని మీద పడ్డాయి. నేను వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను, వెంట్రుక కూడా దూరలేదు.

సోమవారం మళ్ళీ తెరిచాం. మైకు పెట్టలేదు. రెండు మాటలు చెప్పమని కొందరు అడిగారు, చేతులు జోడించాను. తెరిచాం గానీ పిల్లలు రాలేదు. సావడి అలవాటైందని ఒకామె, జలుబు చేసిందని ఒకామె. భయమని ఎవరూ అనలేదు, భయమేనని నాకు తెలుసు. నీ సార్ సంతకం చేసిన కాగితం తలుపుకు అంటించాను. చదివిన తల్లులు కూడా బిడ్డను వెనక్కి తీసుకుపోయారు. వాళ్ళను తప్పు పట్టలేను. మారీశ్వరి, మీ అత్త, నేను ఖాళీ గదిలో కూర్చున్నాం. మీ అత్త కూడా ఏమీ మాట్లాడలేదు, అంటే చూసుకో.

మంగళవారం పట్టమ్మాళ్ వచ్చింది. మనుమరాల్ని లోపల దించింది. నేరుగా పోయి ఆ చీలిక పూడ్చిన చోట అరచేత్తో కింది నుంచి పైదాకా తడిమింది, వేళ్ళతో కొట్టి విన్నది. తర్వాత అక్కడే, ఆ మూలే కూర్చుంది. పోవా అని మారీశ్వరి అడిగితే, ఏమన్నా అయితే ముందు నా నెత్తి మీద కానీ అంది. ఆ మాట ఊళ్ళోకి పోయింది. ఒకరి వెనక ఒకరుగా బిడ్డలు రావడం మొదలైంది. అన్నం వేళకు చాపలు చాలలేదు.

తిన్నాక పిల్లలు పడుకున్నారు. వాన పట్టుకుంది. నేను వాకిట్లో నిలబడి ఆ మూల వంకే చూస్తున్నాను, పట్టమ్మాళ్ కూడా కప్పు వంక చూస్తూ కూర్చుంది. చాలాసేపు అలాగే చూసింది. ఆ తర్వాత తల వాలింది. కాళ్ళు చాపుకుని, నోరు తెరుచుకుని, ఆ గోడకే ఆనుకుని గురక పెట్టి నిద్రపోయింది.

పిల్లల కోసం వచ్చిన తల్లులు ఆమె కాళ్ళు దాటుకుంటూ లోపలికి పోయి ఎవరి బిడ్డను వాళ్ళు ఎత్తుకున్నారు. మనుమరాలు లేపబోతే మీ అత్త వద్దని సైగ చేసింది. వాన వెలిసేదాకా మేమెవరమూ ఆమెను లేపలేదు.

మామ రంగప్ప